గొంచిగ్ చిన్నమావయ్యా, పరాయి పాలగిన్నే

ఎదుటివాళ్ళ చేతిలో పాలగిన్నె కనబడితే గొంచిగ్ చిన్నమావయ్య చెయ్యి ఊరుకోదు. మాంసం పెడితే నింపాదిగా తింటాడు, సారా పోస్తే మొహం తిప్పుకుంటాడు. అతిథికిచ్చిన పాలు మాత్రం అతిథి పెదవి చేరేలోపు ఆయన గొంతు దిగిపోతాయి. గడగడా తాగేసి, మూతి తుడుచుకుని, "గుర్రాలు ఎటుపోయాయో చూసొస్తా" అంటూ కొండ వెనక్కి మాయమవుతాడు. గుర్రాలేమో గుడారం ముందే తాడుకి కట్టేసి ఉంటాయి.

ఈయన మా మామగారికి తమ్ముడు. నేను రాజధాని ఉలాన్‌బాతర్ నుంచి ఈ గడ్డిమైదానానికి కోడలిగా వచ్చిన రోజే ఆయన ప్రతాపం చూశాను. మా అత్తగారు ఖొర్లో, అప్పుడే పిండిన పాలు వెండిగిన్నె నిండా తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇంకెక్కడైనా పెదవి తడిపి తిరిగిచ్చేస్తే చాలు. మా అత్తగారి గుడారంలో గిన్నె అడుగు కనబడాలి. నాకా, పెద్దయ్యాక పులవని పాలు పడవు. తాగితే పెళ్ళికూతురు విందులో కాక కొండ వెనక ఉంటుంది. తాగకపోతే అత్తగారి మనసులో ఎప్పటికీ ఉండదు.

"ఏంటొదినా! ఇవాళొచ్చిన పిల్లకి ఇంత గిన్నా? నాకు లేకుండానే!" అంటూ చిన్నమావయ్య గిన్నె లాక్కున్నాడు.

"సిగ్గులేదటయ్యా! పెళ్ళికూతురి గిన్నె అది!"

"సిగ్గు రేపు పడతాలే. గుర్రాలు చూసొస్తా."

బతికాననుకున్నాను. ఎంత తిండిపోతు మనిషో అని కూడా అనుకున్నాను. ఆ తర్వాత వచ్చిన అల్లుళ్ళ గిన్నెలూ, బడిపంతులు గిన్నే, దారి తప్పి వచ్చిన లారీ డ్రైవరు గిన్నే అలాగే పోయాయి. ఇంటి నిండా పెరుగుంది, ఎండబెట్టిన పెరుగుగడ్డలున్నాయి, తోలుతిత్తి నిండా పులిసిన గుర్రప్పాలున్నాయి. వాటి జోలికి తన వంతు దాకా రాడు. పరాయివాడి తియ్యటి పాలే కావాలి ఆయనకి.

ఈ వేసవిలో రాజధాని నుంచి ఒయుంగెరెల్ అనే డాక్టరమ్మ వచ్చింది. ఏ మనుషులకి పాలు అరుగుతాయో, ఎవరికి అరగవో చూస్తుందట. వెంట యెన్స్ అనే డెన్మార్కు అబ్బాయి, గుడారం వాసానికి తల తగిలేంత పొడుగు. వాడి గిన్నె కూడా చిన్నమావయ్య లాక్కున్నాడు. వాడు నవ్వి ఇంకోటి అడిగి తాగాడు, దాని మీద మరోటి తాగాడు. తర్వాత ఈల వేసుకుంటూ తిరిగాడు.

అత్తగారికి రోషం వచ్చింది. "మన పాలతో వీడు మననే ఓడిస్తాడా? డాక్టరమ్మా, మా గొంచిగ్‌ని పరీక్షించు. బకెట్లకి బకెట్లు తాగేస్తాడు!"

చిన్నమావయ్య మొహంలో రంగు పోయింది. "వదినా, గుర్రాలు..."

"గుర్రాలకేం, నా కళ్ళెదుటే ఉన్నాయి. కూర్చో."

పరగడుపున గిన్నెడు పాలు తాగి, మధ్యాహ్నం దాకా ఉండుండి ఓ గొట్టంలోకి ఊదాలి. ఊపిరిని బట్టి పాలు అరిగాయో లేదో యంత్రం చెబుతుందట. కదలకూడదు. మేమందరం వరసగా కూర్చుని ఊదాం. కాసేపటికి చిన్నమావయ్య పొట్టలో రాళ్ళ మీద బండి నడిచిన చప్పుడు మొదలైంది. బయట కుక్క కూడా మొరిగింది. ఆయన పైకప్పు చూస్తూ పాట అందుకున్నాడు, చప్పుడు పాటని మించిపోయింది.

డాక్టరమ్మ యంత్రం చూసి అదిరిపడింది. "బాబాయిగారూ, ఇక్కడ ఎవరికీ పాలు సరిగ్గా అరగట్లేదు. అందరికన్నా మీకు మరీ! ఇన్నేళ్ళు ఎలా తాగారండీ?"

ఆయన ఈసారి గుర్రం ఊసే ఎత్తకుండా, కాలినడకన, కొండ వెనక్కి పరిగెత్తాడు.

"పసిపిల్లలప్పుడు అందరికీ అరుగుతాయి. పెద్దయ్యాక మనవాళ్ళలో చాలామందికి ఆ శక్తి పోతుంది. యెన్స్ వాళ్ళ వైపు ఎక్కువమందికి ఉండిపోతుంది. అందుకే మన పెద్దలు పాలు పులియబెట్టి తాగారు," అని డాక్టరమ్మ చెప్పింది.

అత్తగారు నా వైపు తిరిగింది. "నీక్కూడా పడవా?"

ఇన్నేళ్ళు దాచింది ఇంక దాగదు. "పడవత్తయ్యా."

"పెళ్ళినాడు కూడానా?"

"అప్పుడూ అంతే."

ఎంత తిడుతుందో అని తల దించుకున్నాను. ఆవిడ పొయ్యిలో పిడక ఒకటి వేసింది. "నాకూ పడవే. నా పెళ్ళినాడు మా అత్తగారిచ్చిన గిన్నె కూడా వీడే లాక్కున్నాడు. అప్పటికి ముక్కు తుడుచుకోవడం రాదు వీడికి."

"మరి ఆ గిన్నెడు పాలు మాకెందుకు పోస్తున్నారు?"

"మా అత్త పెట్టిన పద్ధతి. నేను తగ్గిస్తే బావుంటుందా?"

చిన్నమావయ్య కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చాడు. అత్తగారు నడుం మీద చేతులు పెట్టి నిలబడింది. "నా పెళ్ళినాడు ఎందుకు లాక్కున్నావు? నిజం చెప్పు."

"అప్పుడు నిజంగా ఆకలే వదినా. పిల్లాణ్ణి, అరిగిపోయాయి కూడా. కానీ నువ్వు నన్ను చూసిన చూపుందే, దేవుణ్ణి చూసినట్టు చూశావు. ఇదేదో మంచి పనేననుకున్నా."

"పెద్దయ్యాక పడకపోతే మానెయ్యొచ్చుగా!"

"నాకు పడట్లేదంటే వచ్చినవాళ్ళకీ పడవనేగా. వాళ్ళు వద్దంటే నీ మొహం మాడుతుంది. నాకెలాగూ తిండిపోతని పేరుంది." యెన్స్ కేసి చూసి నిట్టూర్చాడు. "ఆ పొడుగు అబ్బాయి గిన్నె ఒక్కటే దండగైపోయింది."

నాకు నవ్వొచ్చింది, ఆయన మీద చెప్పలేనంత ప్రేమ కూడా వచ్చింది. మర్నాడు డాక్టరమ్మ ప్రయాణమైతే అత్తగారు అదే వెండిగిన్నె తెచ్చింది. అలవాటైన చెయ్యి చటుక్కున లాక్కుంది. ఒక గుక్క తాగి చిన్నమావయ్య నివ్వెరపోయాడు. లోపల చిక్కటి పెరుగు.

"ఇక మీదట ఇదే పోస్తాను. ఇచ్చెయ్, అది డాక్టరమ్మది," అంది అత్తగారు.

ఆయన బుద్ధిగా గిన్నె తిరిగిచ్చి, గుమ్మంలోంచి బయటికి చూసి ఉలిక్కిపడ్డాడు. "గుర్రాలు ఎటుపోయాయో చూసొస్తా!"

మేమందరం పగలబడి నవ్వాం. నవ్వి నవ్వి బయటికొచ్చి చూస్తే, తాడు తెగి ఉంది, ఒక్క గుర్రమూ లేదు.