రేసు సీను కోసం బెంగళూరుకు

మా ఇంట్లో మా ఆవిడ సరసమ్మ ఫోటోలు పదకొండున్నాయి. పదకొండింటిలోనూ ఊపిరి బిగబట్టే ఉంది. ఆమె నోరారా అరుస్తూ నవ్విన బొమ్మ లోకంలో ఒక్కటే. అది ఒక సినిమాలో ఉంది, మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు. పెళ్ళయిన కొత్తలో బెంగళూరు రేసుకోర్సు చూడబోతే అక్కడ షూటింగు జరుగుతోంది. జనం తక్కువయ్యారని మమ్మల్నీ మెట్ల మీద నిలబెట్టి, చిత్రాన్నం పొట్లాలిచ్చి, అరవమన్నారు. ఆ సినిమా హిందూపురానికి వచ్చినప్పుడు సరిగ్గా ఆ సీనుకే నేను బీడీ కోసం బయట గోడ పక్కకు పోయాను. మర్నాటికి బొమ్మ మారిపోయింది. "నేను తెర మీదుంటే నువ్వు గోడ పక్కనుంటివి గదప్పా" అని బతికినన్నాళ్ళూ దెప్పింది. ఆమె పోయి ఆరేళ్ళు. ఆ సినిమాను పాత రీళ్ళతోనే బెంగళూరు వసంతనగర్‌లో ఒక చిన్న హాల్లో వేస్తున్నారని మనవరాలు ఫోన్లో చూసి చెబితే, శనివారం బయలుదేరాను.

హిందూపురంలో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కితే తొమ్మిదికల్లా బెంగళూరు మెజెస్టిక్ దగ్గర దిగొచ్చు. టికెట్టు వంద లోపే. దారిలో గౌరీబిదనూరులో మసాలా వడ ఎక్కుతుంది. దాని మీద ఒక పేజీ రాయగలను గానీ ఆపుకుంటున్నాను. స్టేషన్ బయట ఆటో అతను నూటయాభై అడిగి నూటికి ఒప్పుకున్నాడు. రేసుకోర్సు రోడ్డు ఎక్కగానే వెనక్కి తిరిగాడు.

"తాతా, ఈ పొద్దు రేసుండాది. ఏ గుర్రం మీద పెడతావు?"

"గుర్రం కాదప్పా, పాత బొమ్మ చూడను పోతాండా."

"మంచిపని. గుర్రమైతే ఓడిపోతుంది. బొమ్మ యాడికి పోతుంది?"

ఆట పదింటికి. ముందుగా పేరు రాయించుకుంటే చాలు, టికెట్టు లేదు. నలభై కుర్చీల్లో సగం ఖాళీ. గంట గడిచాక హీరో టోపీ పెట్టుకుని రేసుకు బయలుదేరాడు. నేను కళ్ళజోడు తుడుచుకుని ముందుకు వంగాను. తెర మీద బొమ్మ ఒక్కసారి ఎగిరిపడింది. వంటింట్లో హీరోయిన్ పాలు దించుతోంది. ఆ పాలగిన్నె మీద, రెప్పపాటు, ఎక్కడిదో జనం హోరు వినిపించి తెగిపోయింది. అంతే. హీరో అప్పుడే ఓడి ఇంటికొచ్చేశాడు.

ఆట అయ్యాక ప్రొజెక్టరు క్యాబిన్‌కు పోయాను. ఆపరేటర్ మునెప్పది నా వయసే.

"రేసు సీనేమాయెనన్నా?"

"మేమే కోసేస్తిమి. ఈ ప్రింటు అప్పట్లో ఆ మెజెస్టిక్ దిక్కున నేను పన్జేసే హాల్లోనే ఆడింది. శనివారం పొద్దుటాట బిరీన వదలకుంటే రేసుకు పొయ్యేటోళ్ళు కుర్చీలు ఇరగ్గొడతాండ్రి. పక్కనే నిజం రేసుండాది, బొమ్మలో రేసు ఎవురికి కావాల?"

"కోసిన ముక్క?"

"చెత్తలో పోయ." నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఎవురుండారప్పా దాంట్లో?"

చెప్పాను. అతను రీలు డబ్బా మూత తీసి, ఫిల్ము అంచు చూపిస్తూ చెప్పాడు. రీల్లో శబ్దం బొమ్మ పక్కనే ఉండదట, మూరెడు ముందుంటుందట. అందుకే బొమ్మను కోసినా, దాని శబ్దం ముక్కొకటి అంతకుముందు బొమ్మల పక్కన మిగిలిపోయి, అతుకు తర్వాత వచ్చే బొమ్మ మీద వినబడుతుందట. "ఆ పాలగిన్నె మీద ఇనపడింది జూడు, అది వాళ్ళదే" అన్నాడు. నేను అడక్కుండానే ఆ రీలు మళ్ళీ ఎక్కించాడు.

ఖాళీ హాల్లో కళ్ళు మూసుకుని విన్నాను. ఆ రోజుల్లో జనం అరుపులను స్టూడియోలో నలుగురిని నిలబెట్టి అరిపించేవాళ్ళని నేనెక్కడో చదివాను. ఆ సంగతి మునెప్పకూ తెలిసే ఉంటుంది. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

అక్కణ్ణుంచి కుమారకృప రోడ్డులోని చిత్రశాలకు నడిచాను. ఒక రేసు పటంలో గుర్రాలను నరాలతో సహా గీసిన చిత్రకారుడు, మెట్ల మీది జనాన్ని మాత్రం చుక్కలు పెట్టి వదిలేశాడు. ఆ చుక్కల్లో చాలాసేపు వెతికాను. తిరుగుదారిలో రేసుకోర్సు గోడ పక్కన ఆగాను. లోపల జనం ఒక్కసారిగా అరిచారు. మూడు లెక్కపెట్టాను. అరుపు ఆగలేదు. ఇన్నేళ్ళకు మళ్ళీ నేను గోడకు ఇవతలే ఉన్నాను. జేబులో బీడీ ఉంది, ముట్టించలేదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. శనివారం వెళ్తే సినిమా, చిత్రశాల, రేసు మూడూ నడిచేంత దూరంలోనే దొరుకుతాయి, సాయంత్రం రైలూ అందుతుంది. ఇంటర్వెల్ పది నిమిషాలిస్తారు. ఏ పనున్నా అప్పుడే చూసుకోండి, ఆట మధ్యలో మాత్రం లేవకండి.