తీగ చివరి గొట్టం

మా బడిలో పదో తరగతికి విద్యుత్తు పాఠం చెప్పేది నేనే. తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుందనీ, లావు పెరిగితే తగ్గుతుందనీ బోర్డు మీద రాస్తే పిల్లలు రాసుకుంటారు గానీ నమ్మరు. చేసి చూపిద్దామంటే మా ల్యాబులో మిగిలింది జానెడు నిక్రోమ్ ముక్క. ఇంట్లో ఏ తీగలుంటే అవి తెండి, ఎంత పొడుగైతే అంత మంచిది అన్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నాకోసమే పుట్టిన మాట.

మర్నాడు బల్ల నిండా తీగలే. ఫ్యాను మోటారువి, దండేనికి కట్టినవి, తెగిన ఇయర్‌ఫోన్లవి. ఒకమ్మాయి పసుపు, ఎరుపు తీగల చుట్ట తెచ్చింది. వాళ్ళమ్మ పాత సామాన్ల కొట్లో అలాంటి రంగు తీగలు కొనుక్కొచ్చి బుట్టలు అల్లుతుంది.

"గిదే అందరిదానికంటె పొడుగుంది టీచర్" అని మురిసిపోయింది.

చుట్ట చివర చిటికెన వేలంత అల్యూమినియం గొట్టం. రెండు తీగలూ దాన్లోకే పోయాయి. ఏదో మూత అనుకున్నాను. నేను జ్యోతినగర్ పవర్‌ప్లాంటు క్వార్టర్లలో పెరిగిన ఇంజనీరు గారి కూతుర్ని. గోదావరిఖనిలో ఈ బడికి వచ్చాక గనుల పేలుళ్ళకు కిటికీలు అదరడం రోజూ విన్నాను గానీ, దేనితో పేలుస్తారో ఎన్నడూ అడగలేదు. మెలేసి ఉన్న తీగ కొసల్ని పంటితో విప్పాను కూడా.

ఒక కొసకు బ్యాటరీ క్లిప్పు తగిలించాను. రెండోది చేతిలో ఉంది. పిల్లలంతా అమ్మీటరు ముల్లు మీదికి వంగారు. రిజిస్టరు తెచ్చిన ఆయమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"బిడ్డా, ఆ చెయ్యి గట్లనే ఉంచు. తగలనియ్యకు."

ఎప్పుడూ మేడం అనే మనిషి. పాఠం మధ్యలో ఏమిటీ గోల అని కసిరాను. ఆమె పట్టించుకోకుండా వచ్చి, మొదటి క్లిప్పు మెల్లగా ఊడదీసింది.

"గిది డిటోనేటరు. గనిల బొగ్గు పేల్చేది. కరెంటు తగిలితే ఆగుతదా? మా ఇంటాయినవి మూడు వేళ్ళు గిసొంటిదానికే పొయినయ్."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అన్ని తలలు, ఆ గొట్టానికి మూరెడు దూరంలో. దగ్గరికొచ్చి చూడండని పిలిచింది నేనే. ఆయమ్మ కొసలు మళ్ళీ మెలేసి, దాన్ని ఇసుక బకెట్లో పెట్టి, పిల్లల్ని బయటికి పంపింది. హెడ్మాస్టరు పోలీసులకు ఫోన్ చేశారు. కాస్త తేరుకున్నాక, ఇలాంటివి ఇంట్లో ఇంకా ఉన్నాయా అని ఆ అమ్మాయిని అడిగాను.

"ఒక్కటుంది టీచర్. అమ్మ తీగలు కోసుకొని, గొట్టం చెల్లెకిచ్చింది."

వాళ్ళ ఇల్లు బడి వెనక సందులోనే. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను, నా వెనకే ఆయమ్మ. వాకిట్లో తల్లి బుట్ట అల్లుతోంది. పక్కన చాప మీద ఏడాది నిండని పాప, ఆ గొట్టాన్ని నోట్లో పెట్టుకొని చిగుళ్ళతో కొరుకుతోంది.

నా మొహం చూసి తల్లి నవ్వింది. "పండ్లొస్తున్నయ్ మేడం. గది లేకుంటె ఊకుంటలేదు."

ఆయమ్మ చాప మీద కూర్చుని పాప ముందు గాజులు ఆడించింది. పాప నోరంతా తెరిచి నవ్వింది. గొట్టం ఆయమ్మ అరచేతిలోకి జారింది, చొంగతో తడిసి.