లోపలొకరు, బయటొకరు

మా ఆయన రత్నబాబు ఓడలకి అతుకులు వేసేవాడు. అంటే వెల్డరు. గాజువాక షెడ్లలో పని నేర్చుకుని, విశాఖపట్నంలో ఓడల రిపేర్లకి కాంట్రాక్టు మీద తిరిగి, చివరికి స్కాట్లండ్ వచ్చి ఫోర్త్ నది ఒడ్డున ఓడలు కట్టే ఒక యార్డులో చేరాడు. నేవీ వాళ్ళ ఫ్రిగేట్, అంటే యుద్ధం ఓడ, కడుతున్నారక్కడ. ఆ ఓడ నీళ్ళలోకి దిగకముందే, మొన్న ఫిబ్రవరిలో, సెలవు రోజున సోఫాలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె.

నాకు ఒకటే కోరిక మిగిలింది. ఆయన చేసిన పని ఒక్కసారి కళ్ళారా చూడాలి. పెళ్ళయిన దగ్గర్నుంచి రవ్వలు పడి చిల్లులైన చొక్కాలు చూశాను, చేతుల మీద మచ్చలు చూశాను. పని మాత్రం ఎన్నడూ చూడలేదు.

ఆ ఓడ ఎలా కడతారో ఆయన నాకు జాకెట్టు లెక్కలో చెప్పేవాడు. నాకు చదువు లేదు గానీ కుట్టుపని వచ్చు.

“గోడ కట్టినట్టు అడుగు నుంచి పైకి కట్టుకుంటూ పోరే కుమారీ. చేతులు వేరే, వీపు వేరే కుట్టుకుని ఆఖర్న కలపవా నువ్వు? ఇదీ అంతే.”

ఒక్కో ముక్క మా ఇంటికంటే పెద్దదట. బోర్లా పడుకోబెట్టి కడతారట. తలెత్తి వెల్డింగ్ చేస్తే రవ్వలు మొహాన పడతాయి, చెయ్యీ నిలవదు. పైపులవీ లోపల పెట్టేసి, తిరగేసి, క్రేనుతో తెచ్చి పక్క ముక్కకి ఆనిస్తారు. ఆ ఆనించినచోట అతుకు వేసేది మా ఆయన.

ఓడ పక్కగోడలు నిటారుగా ఉండవు, వాలుగా ఉంటాయి. ఎదటివాడి రాడార్ వచ్చి తగిలితే తిన్నగా వెనక్కి పోకుండా ఎటో జారిపోవాలని అలా గీశారట. అందుకే పైన బొడిపెలుండకూడదు, అతుకనేది తెలీకూడదు. ముందు డెక్కులో మిస్సైళ్ళు నిలబెట్టే గూళ్ళుంటాయని టీవీలో చెప్పారు. ఆ సంగతి అడిగితే “తెలీదు. తెలిసినా చెప్పను” అని అన్నం కలుపుకునేవాడు.

“మనుషుల్ని చంపే ఓడ కదండీ” అన్నానొకసారి, చర్చి నుంచి వచ్చాక.

“లోపల పడుకునేవాళ్ళూ మనుషులే కదే. వాళ్ళ తలవైపు గోడ నాది. నాకు అంతవరకే తెలుసు” అన్నాడు.

చేరిన కొత్తల్లో ఒక పొరపాటు చేశాడు. గాజువాకలో పని తొందరగా తెమిల్చినవాడే మొనగాడు. ఇక్కడ ఆయనకి జత ఆలిస్టర్ అని ఒక పెద్దాయన, ఈ ఊళ్ళోనే పుట్టి ఈ యార్డులోనే తల నెరిసినవాడు. ఓడ గోడకి లోపల అతను, బయట ఈయన. ఇద్దరూ ఒకే వేగంతో పోవాలి. ఒకవైపే వేడి పడితే రేకు ఆ వైపుకి లాగేస్తుంది. ఒకరికొకరు కనబడరు గనక సుత్తితో రెండు దెబ్బలు కొడితే మొదలుపెట్టమని, ఒకటి కొడితే ఆపమని.

ఆ రోజు ఆలిస్టర్ ఒక దెబ్బ కొట్టి టీకి దిగాడు. ఈయన వినీ ఆగలేదు. పెద్దాయన పాపం అలిసిపోయాడు, వచ్చేసరికి నా వైపు పూర్తిచేసి పెడదాం అనుకుని లాగించేశాడు. రేకు వంకర తిరిగింది. అతుకంతా కోసి మళ్ళీ వేశారు.

“గుర్రప్పందెం అనుకున్నావా రాబ్?” అన్నాడట ఆలిస్టర్. రత్నబాబు అనడానికి నోరు తిరక్క రాబ్‌ని చేసేశాడు. వాళ్ళలో ఉన్న పేరే అది.

“నీకు సాయం చేద్దామనీ...”

“నాకు సాయం చెయ్యాలనుంటే దిగి టీ తాగు.”

అప్పట్నుంచి ఒకరు దిగితే రెండోవారూ దిగాల్సిందే. ఆలిస్టర్ ఫ్లాస్కు, ఈయన డబ్బాలో నేను వేయించిన జంతికలు. రెండు కప్పుల్లోనూ పోసేదాకా ఎవరూ తాగకూడదని ఆలిస్టర్ రూలు పెట్టాడట. అది ఇంటిక్కూడా వచ్చేసింది. నేను స్టవ్ దగ్గరుంటే నా కప్పు తెచ్చుకుని కూర్చునేదాకా ఆయన ముట్టేవాడు కాదు. చల్లారిపోతుందండీ అంటే “చల్లారనీ” అనేవాడు.

జూన్‌లో యార్డువాళ్ళు కుటుంబాలకి ఓడ చూపించే రోజు పెట్టారు. ఆలిస్టర్ మా పేర్లిచ్చి పాసులు తీసుకున్నాడు. నేను, మా అమ్మాయి హెప్సి వెళ్ళాం. నెత్తిన హెల్మెట్లు పెట్టారు. షెడ్డు నిండా ఓడే. మబ్బు రంగు వేసేశారు. ఆలిస్టర్ మమ్మల్ని పక్కనుంచి నడిపించుకుంటూ పోయి ఒకచోట ఆగి, గోడ మీద చెయ్యి వేశాడు. ఇక్కడే అన్నాడు.

నాకేమీ కనబడలేదు. అరగదీసి, పైన రంగు కొట్టేశారు.

“దేర్స్ నథింగ్ హియర్, మమ్మీ” అంది హెప్సి మెల్లిగా.

గోడ చూడ్డానికా ఇంత ఆశపడ్డాను? “నాన్న గుర్తేమైనా ఉందేమో అడగవే” అన్నాను. అది అడిగింది.

ఆలిస్టర్ జేబులోంచి టార్చి తీసి, గోడకి ఆనించి వాలుగా వేశాడు. నున్నగా ఉందనుకున్న గోడ మీద బక్కగొడ్డు డొక్కల్లా వరసగా నీడలు లేచాయి. సన్నరేకు గదా, లోపలి కమ్ములకి అతికిన చోటల్లా వేడికి అలా గుంజుకుంటుందట. ఏ ఓడకైనా కొంత తప్పదట. తర్వాత టార్చి ఇందాక చెయ్యి వేసిన చోటికి జరిపాడు. అక్కడ నీడ లేదు. పైనుంచి కిందిదాకా జానెడు వెడల్పున వెలుగు ఎక్కడా తట్టుకోకుండా సాగిపోయింది.

“ఇది రాబ్‌ది, నాది” అన్నాడు.

ముడత లేని కుట్టంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. వేలితో పైనుంచి కిందికి, చెయ్యి అందినంతమేరా రాసి చూశాను. చల్లగా ఉంది. హెప్సి కూడా రాసింది.

బయటికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాం. ఆలిస్టర్ ఫ్లాస్కు తీసి నాకు పోశాడు, హెప్సికి పోశాడు. అది నోటిదాకా తీసుకెళ్తే “ఉండమ్మా” అన్నాను. ఆలిస్టర్ నా మొహంలోకి చూశాడు. తర్వాత తల దించుకుని తన కప్పులో పోసుకున్నాడు. అప్పుడు ముగ్గురం తాగాం. టీ అప్పటికే గోరువెచ్చనైపోయింది. నేను సంచీలోంచి జంతికల డబ్బా తీసి మూత తెరిచి మధ్యలో పెట్టాను.