చూసీ చూడనట్టు

మా ఇంగ్లీషు టీచరుగారు పోయారని వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పేసరికి నేను అమలాపురంలో మా ఇంట్లో ఆఫీసుకు తయారవుతున్నాను. "తెల్లారగట్ల నిద్దట్లోనే పోయిందండి అమ్మ. మీకు మాత్రం తప్పకుండా చెప్పమని ఎప్పుడో చెప్పి ఉంచిందక్కా" అంది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు సిగ్గు వచ్చింది. ఆవిడ గుర్తొచ్చినప్పుడల్లా నాకు ముందు వచ్చేది అదే. ఆ సిగ్గు ఎందుకో చెప్పాలంటే ఆవిడ ఎవరో చెప్పాలి.

మాది రాజోలు దగ్గర ఊరు. వరి, కొబ్బరి తప్ప వేరే లోకం తెలియని ఇల్లు మాది. టీచరుగారిది కూడా ఆ ఊరే. ఊరి చివర చర్చి పక్కనున్న పేటలో పుట్టారు. వాళ్ల నాన్నగారు మా తాతగారి చేలో పనిచేసిన మనిషి. కూతుర్ని మాత్రం చేలోకి దింపకుండా చదివించాడు. ఆవిడ బీయీడీ చేసి, ఎక్కడెక్కడో పనిచేసి, చివరికి మా ఊరి హైస్కూలుకే ఇంగ్లీషు చెప్పడానికి వచ్చారు. పొట్టిగా ఉండేవారు. గంజిపెట్టిన నేతచీర, చేతిలో నల్ల గొడుగు. నడుస్తూ కూడా పెదాలు కదుపుతూ ఏవో మాటలు వల్లె వేసుకునేవారు. ఆరో తరగతి పిల్లల్ని కూడా "ఏవండీ, మీరు చెప్పండి" అనేవారు. మొదటిరోజు మేం నవ్వుకున్నాం. తర్వాత ఆ "అండీ" కోసమే చెయ్యెత్తేవాళ్లం.

ఆవిడ చెప్పే పద్ధతి ఒకటుండేది. "ఇంగ్లీషు మాటని తెలుగింట్లోకి పిలిచి కూర్చోబెట్టుకోండి. అప్పుడిక మర్చిపోరు" అనేవారు. బోర్డు నిండా పెద్ద కన్ను బొమ్మ గీసి ఒక్కొక్క పేరూ చెప్పేవారు. రెప్ప, రెప్పవెంట్రుక, కనుబొమ్మ. కనుపాప దగ్గరికొచ్చి ఆగారు. "దీన్ని వాళ్లు ప్యూపిల్ అంటారండి. బళ్లో చదువుకునే పిల్లల్నీ ప్యూపిల్ అనే అంటారు. మనవేమో కంటిపాప అంటాం. మన ఇంట్లో పిల్లనీ పాప అనే అంటాం. వాళ్లూ మనవూ కూడబలుక్కున్నట్టు లేదూ?" అన్నారు. ఆ సంగతి కనిపెట్టింది తనే అన్నంత సంతోషం ఆవిడ ముఖంలో.

కంటి మీదా ముఖం మీదా ఉన్న నానుడులన్నీ అలాగే జతలు కట్టించారు. ట్వింక్లింగ్ ఆఫ్ ఏన్ ఐ అంటే రెప్పపాటు. కీప్ ఏన్ ఐ అంటే ఓ కన్నేసి ఉంచడం. లూజ్ ఫేస్ అంటే ముఖం చెల్లకపోవడం. సీ ఐ టు ఐ అనే మాటను వాక్యంలో వాడమంటే, మా క్లాసు అబ్బాయి తనూ వాళ్ల అన్నయ్యా గొడవపడి ఐ టు ఐ చూసుకున్నామని రాశాడు. టీచరుగారు కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, "అది గుడ్లురిమి చూసుకోవడం అండి. ఇది ఒక మాట మీదకి రావడం. రెండూ వేరు" అన్నారు. టర్న్ ఎ బ్లైండ్ ఐ దగ్గర మాత్రం ఎక్కువ చెప్పలేదు. "చూసీ చూడనట్టు ఉండటం" అని బోర్డు మీద రాసి, గబగబా తర్వాతిదానికి వెళ్లిపోయారు.

నాకు పుట్టినప్పటినుంచీ ఎడమ కన్ను మెల్ల. ఎదుటివాళ్ల ముఖంలోకి చూస్తే ఎవరిని చూస్తున్నావని అడుగుతారని తల వంచుకు నడవడం అలవాటు చేసుకున్నాను. ఇంట్లో మాత్రం దాన్ని అదృష్టం అనేవారు. ఆడపిల్లకి మెల్లకన్ను కలిసొస్తుందని మా నాయనమ్మ నమ్మకం. అదృష్టమైతే అద్దం ముందు నాకు అంత కష్టంగా ఎందుకు ఉండేదో తెలిసేది కాదు.

ఒకరోజు మనుషుల రూపం వర్ణించే పాఠం వచ్చింది. టీచరుగారు నన్ను ముందుకు పిలిచి నిలబెట్టారు. నేను జడలు బాగా వేసుకొస్తానని పిలిచి ఉంటారు. క్లాసులో ఒక్కొక్కరూ నా గురించి ఒక వాక్యం చెప్పాలి. ఆమె సన్నగా ఉంటుంది, ఆమెకు పొడుగు జుట్టు ఉంది, ఆమె ఛామనఛాయ. అన్నీ ఇంగ్లీషులోనే చెప్పారు. ఇంతలో వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మెల్లకన్నుని ఇంగ్లీషులో ఏమంటారండీ?" అని అడిగింది. ఎగతాళికి అడిగిందో, తెలియక అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా కొత్త మాట అడిగితే టీచరుగారికి ప్రాణం లేచొచ్చేది. ఆ ఊపులో బోర్డు వైపు తిరిగి, పెద్ద అక్షరాలతో స్క్వింట్ అని రాసి, "అందరూ అనండి, షి హాజ్ ఎ స్క్వింట్" అన్నారు.

క్లాసంతా ఒక్క గొంతుతో అంది.

అప్పుడు ఇటు తిరిగి నన్ను చూశారు. ఆవిడ ముఖం ఎలా మారిందో నేను చెప్పలేను. డస్టరు కోసం కూడా చూడకుండా అరచేత్తో ఆ మాట తుడిచేశారు. కానీ అప్పటికే ఆ మాట అందరి నోళ్లలోకీ వెళ్లిపోయింది. సాయంత్రం బడి వదిలేసరికి నా పేరు స్క్వింటు అయిపోయింది.

మర్నాడు సాయంత్రం టీచరుగారు మా ఇంటికి వచ్చారు. మాస్టర్లు ఇంటికొస్తే పిల్లల మీద చాడీలు చెప్పడానికేనని మా లెక్క. నేను తలుపు చాటున నిలబడ్డాను. ఆవిడ అరుగు కింద చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే, మా నాన్నగారితోనూ నాయనమ్మతోనూ అన్నారు:

"మీ అమ్మాయి దగ్గర పెద్ద తప్పు చేసేనండి. నలుగురిలో నిలబెట్టి కన్ను పేరెత్తించేను. కావాలని చేసింది కాదు. అయినా చేసేను. మీ ముందర తనకి క్షమాపణ చెప్పుకుందావని వచ్చేను."

నాయనమ్మ అంది: "ఆయ్, దానికేవుందండి టీచరుగారూ. మెల్లకన్ను అదృష్టవండి. దానికింత ఇదైపోతారా?"

"అదృష్టం సంగతి నాకు తెలీదండి. ఆ కంటికి ఎంత కనపడుతుందో ఎప్పుడన్నా చూసేరా?"

ఎవరూ చూడలేదు. టీచరుగారు నన్ను పిలిచి, నా కుడికన్ను అరచేత్తో మూసి, ఎదురుగా గోడకున్న క్యాలెండరు చదవమన్నారు. నాకు గోడ తెలిసింది. క్యాలెండరు ఉందని తెలిసింది. అంకెలు తెలియలేదు. వంట మానేసి వచ్చి నిలబడ్డ అమ్మ, "చదవవే, చదువొచ్చుగా నీకు" అంది. "కనపడట్లేదమ్మా" అన్నాను. ఆ కంటితో అందరికీ అంతే కనిపిస్తుందేమో అనుకుని నేనెప్పుడూ చెప్పలేదు.

"ఇంకా ఆలీసం చేస్తే ఆ చూపు పోద్దండి. రాజమండ్రి తీసుకెళ్లండి" అన్నారు టీచరుగారు.

తర్వాత అమ్మ కాఫీ తెచ్చింది. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మా అరుగు గూట్లో ఒక గాజుగ్లాసు విడిగా ఉండేది. కొబ్బరి దింపుకి వచ్చినవాళ్లకీ, పేటలోంచి వచ్చినవాళ్లకీ దాంట్లోనే పోసేవారు. మా ఊరి మర్యాద అలాంటిది. మాటకి ముందు ఆయ్ ఉంటుంది, మాట చివర అండీ ఉంటుంది. గ్లాసు మాత్రం వేరేగా ఉంటుంది. నాయనమ్మ గూటి వైపు చూసింది. అమ్మ ఆ గ్లాసే తీసింది. టీచరుగారు కాఫీ తాగి, ఎవరూ చెప్పకుండానే పెరటి పంపు దగ్గరికి వెళ్లి గ్లాసు కడిగి తెచ్చి, అరుగు మీద బోర్లించి, "వస్తానండి" అని వెళ్లిపోయారు. క్షమాపణ చెప్పడానికి వచ్చిన మనిషి మమ్మల్ని అలా నిలబెట్టి వెళ్లారు. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. అయినా మర్నాడు గ్లాసు మళ్లీ గూట్లోకే వెళ్లింది.

రాజమండ్రి అంటే ఆపరేషనేనని నాయనమ్మ ఒప్పుకోలేదు. ఆడపిల్ల కంట్లో కత్తి పెట్టిస్తారా అంది. నాన్నగారు తల్లి మాట కాదనే మనిషి కాదు. టీచరుగారు మళ్లీ వచ్చారు. మళ్లీ మళ్లీ వచ్చారు. ప్రతిసారీ అదే కాఫీ, అదే గ్లాసు, అదే పంపు. ఒకసారి నాన్నగారు విసుక్కుంటే, "మీకు విసుగొచ్చినా నాకు రాదండి" అన్నారట నెమ్మదిగా. చివరికి నాన్నగారే తగ్గి, ఒకసారి డాక్టరుకి చూపించడానికి ఒప్పుకున్నారు.

రాజమండ్రికి అమ్మా నేనూ టీచరుగారూ కలిసి వెళ్లాం. ఆస్పత్రి వరండాలో పిలుపు కోసం కూర్చున్నప్పుడు టీచరుగారు తన ఫ్లాస్కులో టీ మూతలోకి వంచుకుని తాగి, అమ్మ ముఖం చూసి, ఇంకొంచెం వంచి అమ్మకి ఇచ్చారు. అమ్మ తాగింది. తాగాక నా వైపు వంగి, "నాయనమ్మకి చెప్పకే" అంది. టీచరుగారికి వినపడేంత దగ్గరలోనే ఉన్నాం. ఆవిడ గోడ మీదున్న కంటి బొమ్మని చూస్తూ కూర్చున్నారు.

డాక్టరుగారు ఇంకా చిన్నప్పుడే తేవాల్సిందని కేకలేశారు. మంచి కంటికి పట్టీ వేసి, మందకొడి కంటితో పని చేయించాలన్నారు. ఆ తర్వాత ఆపరేషన్ అన్నారు. ఆ కేకల సంగతి అమ్మ చెప్పాక నాన్నగారు దానికీ ఒప్పుకున్నారు. కన్ను తిన్నబడింది. చూపు కొంత వచ్చింది, మొత్తం రాలేదు. ఆ కంటితో నేను ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషిని గుర్తుపట్టగలను, సన్నటి అచ్చు చదవలేను. అదైనా ఆవిడ దయే.

పట్టీతో బడికెళ్లిన రోజులు నా జీవితంలో అన్నిటికంటే సిగ్గుపడ్డ రోజులు. టీచరుగారు నన్ను మొదటి బెంచీలో కూర్చోబెట్టి, బోర్డు మీద అరచేయంత అక్షరాలు రాసేవారు. పట్టీ వేసిన మొదటి వారంలోనే ఆ రూపవర్ణన పాఠం మళ్లీ తీశారు. "ఈసారి ఎవరి గురించి వాళ్లే చెప్పుకోవాలండి. ముందు నేను చెప్తాను" అని మా ముందు నిలబడ్డారు. తను పొట్టి అన్నారు. నలుపు అన్నారు. పళ్లు ఎత్తు అన్నారు. ఒక్కొక్కటీ ఇంగ్లీషులో చెప్పి బోర్డు మీద రాశారు. ఆ చివర తెలుగులో, "ఇక్కడ ఒక మాట రాసి ఒక పిల్లని ఏడిపించిన మనిషిని కూడా నేనే. దానికి ఇంగ్లీషులో అషేమ్డ్ అంటారండి. ఐ యామ్ అషేమ్డ్" అన్నారు. ఎవరూ నవ్వలేదు. అంతటితో నా మారుపేరు పోయిందని చెప్తే అబద్ధం. పదో తరగతి దాకా కొందరు పిలుస్తూనే ఉన్నారు. కానీ టీచరుగారు క్లాసులో అలా చెప్పాక, ఆ పిలుపు విన్నప్పుడు నేను తల దించుకోవడం తగ్గించాను.

చాలా ఏళ్ల తర్వాత, ఆవిడ రిటైరై రాజోలులో ఇల్లు కట్టుకున్నాక, ఒక ఆదివారం వెళ్లాను. చర్చి నుంచి వచ్చి బీరకాయ తరుగుతున్నారు. నేనూ ఒక కత్తిపీట లాక్కున్నాను. ఎన్నాళ్లుగానో నోటిదాకా వచ్చి ఆగిపోతున్న ప్రశ్న అప్పుడు అడిగాను.

"మా ఇంట్లో ఆ గ్లాసు... మీకు బాధేయలేదాండి?"

ఆవిడ తరగడం ఆపలేదు. "వేసింది. ఎందుకెయ్యదు? కానీ మొదటిసారి తప్పు చేసి వచ్చేను కదమ్మా. తప్పొప్పుకోడానికొచ్చినవాళ్లు కాఫీ దేంట్లో ఇచ్చేరో చూసుకోకూడదనుకున్నాను."

"తర్వాత వచ్చినప్పుడల్లానో?"

"తర్వాత నీ కన్ను కోసం వచ్చేను." ఇంకో బీరకాయ అందుకుని మళ్లీ అన్నారు. "టర్న్ ఎ బ్లైండ్ ఐ అని మీకు నేర్పేను, గుర్తుందా? మీకది పాఠం. నాకు రోజూ చేసే పని. బస్సులో, బళ్లో, మీ అరుగు మీద. అది చెప్పేటప్పుడు నా సంగతే చెప్తున్నట్టుండేది, అందుకే తొందరగా దాటించేసేదాన్ని."

ఆవిడ బీరకాయ ముక్కలు గిన్నెలోకి నెడుతూ, "మీ నాయనమ్మగారు పోయినప్పుడు నేను రాలేదు. గమనించేవా?" అన్నారు.

"ఆయ్, గమనించేనండి."

"రావాలనే అనుకున్నాను. చీర కూడా కట్టుకున్నాను. కాళ్లు రాలేదు." ఆ మాటన్నాక ముఖం పక్కకి తిప్పుకున్నారు. అన్నీ ఓర్చుకున్న దేవతని నేను అప్పటిదాకా ఊహించుకుంటూ వచ్చాను. ఆ మాట విన్నాకే ఆవిడ నాకు దగ్గరి మనిషయ్యారు.

మొన్న కబురు తెలియగానే ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. "నన్నూ తీసుకెళ్లు" అంది. మోకాళ్ల నొప్పులతో గుమ్మం దాటి ఎక్కడికీ వెళ్లడం లేదు ఈమధ్య. నేను ఊరికి వెళ్లి ఆటోలో ఎక్కించుకున్నాను. దారి పొడుగునా అమ్మ ఒక్క మాటే మాట్లాడింది. "ఆవిడ మన ఇంటికి అన్నిసార్లు వచ్చిందా, నేను ఆవిడ పోయేక ఆవిడింటికి వెళ్తున్నాను" అంది.

ఇంటినిండా జనం. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు ఎక్కడెక్కడినుంచో వచ్చారు. నడిగదిలో పెట్టె, చుట్టూ తెల్లటి పూలు. ఆడవాళ్లు చాప మీద కూర్చుని మెల్లగా పాట పాడుతున్నారు. అమ్మ గుమ్మంలో ఆగిపోయింది. టీచరుగారి అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, చాప మీద ఒక ముసలావిడ పక్కన కూర్చోబెట్టింది. ఆవిడ టీచరుగారి అక్కగారట. తెల్లవారుజామునుంచీ ఏడ్చి ఏడ్చి ఉన్నారు. పాట సగంలో ఆవిడ అలసిపోయి అలాగే పక్కకి ఒరిగి, అమ్మ భుజం మీద తల పెట్టి నిద్రపోయారు. పక్కనున్నది ఎవరో కూడా చూసి ఉండరు.

సమాధుల తోటకి తీసుకెళ్లడానికి ఇంకా టైముంది. ఎవరో వచ్చి ఆవిడని లేపబోతే అమ్మ వద్దని చెయ్యి ఊపింది. మోకాళ్లు ఎంత నొప్పెడుతున్నాయో నాకు తెలుసు. ఆ పాట అయిపోయింది, ఇంకో పాట మొదలైంది. కిటికీలోంచి ఎండ జరిగి జరిగి అమ్మ ముఖం మీదకి వచ్చింది. అమ్మ కళ్లు చికిలించుకుంది గానీ కదల్లేదు. ఒక చేత్తో మాత్రం పమిటకొంగు పైకి లాగి, భుజం మీద నిద్రపోతున్న ఆవిడ కళ్లకి ఎండ తగలకుండా అడ్డంగా పట్టుకుని కూర్చుంది.