గ్యాలరీలో వడ్ల కుప్ప

హైదరాబాద్ ఆర్ట్ గ్యాలరీలో మా అక్కను చూపించి "ఈమె ఎవరితో వచ్చారు?" అని అడిగినప్పుడు నేను నోరు విప్పలేదు. బాన్సువాడకు తిరిగొచ్చాక మాత్రం చాలా చెప్పాను. ఆ చెప్పినదాంట్లో సగం అబద్ధం.

ఆఫీసు పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా ఎండ తప్పించుకోవడానికి గ్యాలరీల్లో దూరేవాణ్ని. టికెట్ ఉండదు, ఏసీ ఉంటుంది. మోడర్న్ ఆర్ట్ అంటే నాకు ప్రేమేమీ లేదు, మంట. గోడంత గుడ్డకు నల్లరంగు పూసి పక్కన పేరు అతికిస్తారు. విరిగిన కుర్చీని తీగకు వేలాడదీస్తారు. దాని ముందు జనం చావింటికి వచ్చినట్టు మొహాలు పెట్టుకుని నిలబడతారు. నేనూ అలాగే నిలబడేవాణ్ని, చేతులు వెనక్కి కట్టుకుని, తల కొంచెం వంచి. ఒక గ్యాలరీలో గుమ్మం పక్కన బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి నన్ను గుర్తుపట్టి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు నా తలకెక్కింది. ఊళ్లో చాయ్ హోటల్ దగ్గర కూర్చుని, మీకేం తెలుసు ఆర్ట్ అంటే అని అందరినీ ఎగతాళి చేసేవాణ్ని.

షుగర్ పరీక్షలకని అక్కను పెద్ద దవాఖానకు తీసుకెళ్లిన రోజు పని తొందరగా అయిపోయింది. నా గొప్ప చూపించుకుందామని ఆమెను ఆ గ్యాలరీకే తీసుకెళ్లాను. అక్క నల్లరంగు గుడ్డ ముందు ఆగి, "గిదేంది తమ్మీ, మాడిన పెంకా?" అని గట్టిగా అడిగింది. ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు. అప్పటినుంచి నేను నాలుగడుగులు ముందే నడిచాను.

చివరి గదిలో నేల మీద వడ్ల కుప్ప. నిజమైన వడ్లే. మధ్యలో కాలువకు గండి పడ్డట్టు చీల్చి, గింజలు ఒక పక్కకు చెదరగొట్టారు. అదీ కళేనట. అక్క గుమ్మం దగ్గరే చెప్పులు విడిచింది. మా దగ్గర వడ్లను చెప్పులతో తొక్కరు. చెదిరిన గింజలను చూసి ఊరుకోవడం కూడా ఆమెకు చేతకాదు. కూర్చుని, అరచేతులతో గింజలన్నీ దగ్గరికి నెట్టి, గండి పూడ్చేసింది. ఆపైన, తూకానికి కాంటా పెట్టే ముందు మావాళ్లంతా చేసినట్టే, ఒక గింజ కొరికి చూసింది. ఇంకా పచ్చిగానే ఉన్నాయని చెప్పింది.

కాపలావాడు అరిచాడు. బల్ల దగ్గరి అమ్మాయి పరుగెత్తుకొచ్చి, ఎవరితో వచ్చారని గదిలో అందరినీ చూస్తూ అడిగింది. అక్క నా వైపు చూసింది. నేను గోడ వైపు తిరిగి చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"ఎవ్వరితోని రాలే బిడ్డా," అంది అక్క. "ఒక్కదాన్నే వచ్చిన."

చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వెళ్లిపోయింది. బస్సులో నా పక్కన కూర్చోలేదు.

మర్నాడు చాయ్ హోటల్ దగ్గర, మా అక్క గ్యాలరీలో పెట్టిన బొమ్మను తినేసిందని, నేనే అందరి కాళ్లు పట్టుకుని విడిపించుకొచ్చానని చెప్పాను. బాగా నవ్వారు. ఆ నవ్వు మార్కెట్ దాకా పాకింది. అక్క వడ్లు తెస్తే హమాలీలు, "పైలం అవ్వా, బొమ్మల వడ్లనుకోని తినేవు," అని జాగ్రత్త చెబుతున్నట్టు ఆటపట్టించేవాళ్లు. అది ఎవరు పుట్టించిన మాటో ఆమెకు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. నేను ఇంటికి వెళితే, "గాయనకు నీళ్లియ్యి," అని కోడలికి చెప్పి లోపలికి పోయేది. తర్వాత వడ్లు తేవడమే మానేసి, పక్కింటివాళ్లతో పంపేది. ఏళ్లుగా తన పంటను తనే దగ్గరుండి కాంటా పెట్టించుకున్న మనిషి.

మొన్న కోతలప్పుడు వర్ని ఊరికి పోయే రోడ్డు మీద అక్క వడ్లు ఆరబోసిందని తెలిసి వెళ్లాను. కాళ్లతో చాళ్లు తీస్తూ కలియబెడుతోంది. పక్కనే హమాలీలు బస్తాలు నింపుతున్నారు.

"ఏందిరా, గీ వడ్లు సూడనీకె వచ్చినవా? సూడు, పుక్కటనే. టికెట్ లేదు," అంది.

హమాలీలు నవ్వారు. నేను చెప్పులు విడిచాను. వాళ్లందరి ముందే, నేను ఎవరి కాళ్లూ పట్టుకోలేదని, గోడ వైపు తిరిగి నిలబడ్డానని, ఒక్కదాన్నే వచ్చానని చెప్పి నా పరువు కాపాడింది అక్కేనని చెప్పాను. నవ్వు ఆగింది. అక్క కాళ్లు మాత్రం ఆగలేదు.

"గప్పుడు నోరు లేకుండెనా?"

"ఉండె. నా ఇజ్జత్ పోతదని నీ ఇజ్జత్ తీసిన. తప్పయింది అక్కా, మాఫ్ చెయ్యి. నువ్వు ఒక్కదానివే రాలే. నాతోని వచ్చినవ్."