ఆసామి అరుగు కింద

ఇంగ్లండులో మట్టి గురించి చదువుకుంటున్న రోజుల్లో, యాభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం మొదట్లో, ఒక్క వారం కోసం నంద్యాల వచ్చాను. సెలవు గడపడానికి కాదు. మా ప్రొఫెసరుకు దారి చూపించడానికి. ఆయన చాలా దేశాల నల్లమట్టిని పోల్చి చూస్తూ ఒక పెద్ద పుస్తకం రాస్తున్నాడు. ఆళ్ళగడ్డ నల్లరేగడి చూడాలన్న కోరిక ఆయనకు పుట్టించింది నేనే. ఎండలకు ఆ నేల నెర్రెలు విచ్చి, అందులో మోచేతి దాకా చెయ్యి దూరుతుందని చెబితే ఆయన నవ్వాడు. తర్వాత నిజంగానే అడిగాడు, చూపిస్తావా అని. నాకు అంతకన్నా ఏం కావాలి? నేను అమ్మానాయనల ముఖం చూసి అప్పటికి రెండేళ్ళు దాటింది.

బొంబాయి దాకా విమానం, అక్కణ్ణుంచి రైలు. గుంతకల్లులో బండి మారాం. నంద్యాల స్టేషనులో నాయన పూలదండ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాయన మిషన్ బడిలో అయ్యవారు. పెళ్ళిళ్ళకు మాత్రమే తీసే నల్లకోటు ఆ ఎండలో తొడుక్కుని వచ్చాడు. దండ నాకు కాదు, ప్రొఫెసరుకు. ఆయన తల వంచి దండ వేయించుకుని, నాయన చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నాయన దాన్ని కొంచెం ఎత్తి పట్టుకునే జట్కా దాకా నడిచాడు. నాకు నవ్వొచ్చింది, గర్వంగానూ ఉంది. ఆ వారంలో నేను నవ్వింది ఆ ఒక్క పూటే అనుకుంటాను.

సోమవారం సర్కారు జీపులో ఆళ్ళగడ్డ పోయి అక్కడి బంగళాలో దిగాం. మర్నాడు పొద్దున్నే దగ్గర్లోని ఒక పల్లెకు తీసుకుపోయారు. ఆ ఊళ్ళో పెద్ద ఆసామి తన చేలో గుంతలు తవ్వుకోవడానికి ఒప్పుకున్నాడట. జొన్న కోసేశారు, మోళ్ళు మిగిలాయి. మోళ్ళ మధ్య నేల నేను చెప్పినట్టే పగిలి ఉంది. ప్రొఫెసరు మోకాళ్ళ మీద కూచుని నెర్రెలో చెయ్యి దూర్చి, చిన్నపిల్లవాడిలా నా వైపు చూశాడు. ఆసామి కూడా సంతోషపడ్డాడు. తన నేలను చూడటానికి అంత దూరం నుంచి మనిషి వచ్చాడంటే ఎవరికి ఉండదు? మమ్మల్నిద్దర్నీ ఇంటికి తీసుకుపోయి అరుగు మీద కుర్చీలు వేయించాడు.

లోపలి నుంచి మజ్జిగ వచ్చింది. రెండు వెండి గ్లాసులు. ఆసామి ఒకటి ప్రొఫెసరుకు ఇచ్చి, రెండోది చేత్తో పట్టుకుని నన్ను మద్రాసు నుంచి వచ్చారా అని అడిగాడు. కాదండీ, మాది నంద్యాలే అన్నాను.

"నంద్యాల్లో యాడ? ఎవురోళ్ళు మీరు?"

"మా నాయన మిషన్ బడిలో అయ్యవారు. ఆ బడి వెనక గేరి మాది."

"ఆ గేరా," అన్నాడు. గేరి తెలిశాక మా కులం అడగనక్కర్లేదు.

అంతే. ముఖంలో కోపం లేదు, మాటలో మార్పు లేదు. చేతిలోని గ్లాసు మాత్రం నా దాకా రాలేదు. దాన్ని తీసుకుని లోపలికి పోయాడు. కాసేపటికి జీతగాడు ఒక అల్యూమినియం గ్లాసు తెచ్చి అరుగు చివర పెట్టి, పైనుంచి మజ్జిగ పోశాడు. ఆసామి బయటికి వచ్చి, దొడ్డివైపు పశువుల చావిడి చూపించి, చాలా మామూలుగా అన్నాడు. "ఈడ ఎండ కొడ్తాదప్పా. నువ్వు ఆ నీడకు పోయి కూచో." పావుగంట ముందు నేను ‘మీరు’. ఇప్పుడు ‘నువ్వు’. అంటరానితనం నేరమని చట్టం అప్పటికే వచ్చింది. ఆ అరుగు దాకా రాలేదు.

లేచాను. ప్రొఫెసరు నా వైపు చూసి మళ్ళీ మజ్జిగ తాగాడు.

మధ్యాహ్నం ఆయనకు లోపల పీట వేసి భోజనం పెట్టారు. నాకు అరుగు కింద విస్తరి. వడ్డించే మనిషి వంగకుండా, నాలుగు అడుగుల ఎత్తు నుంచి అన్నం జారవిడిచాడు. ఆకలి మీద ఉన్నాను, తిన్నాను. తింటూ నేను తలుచుకున్నది ఒక్కటే. ఇంగ్లండులో ఈ ప్రొఫెసరు ఇంటికి ఎన్నో ఆదివారాలు భోజనానికి పోయాను. ఆయన తన చేత్తో కోసి పెట్టిన పెద్దకూరే నేనూ తిన్నాను, ఆయనా తిన్నాడు. ఒకే బల్ల, ఒకే కూర. దాన్ని తిన్న ఆయన లోపల కూచున్నాడు.

అక్కడ కూడా నాకు పూలపాన్పు కాదు. గదులు అద్దెకు ఇస్తామని బోర్డు పెట్టిన ఇళ్ళలో నా ముఖం చూసి గది ఇప్పుడే అయిపోయిందన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు పరాయివాళ్ళు, వాళ్ళకు మనం తెలియదు అని సర్ది చెప్పుకునేవాణ్ణి. ఈ ఆసామికి నేను తెలుసు. తెలిసినందుకే లేపాడు.

బుధవారం అన్నం వేళకు ఆ ఇంటికి పోలేదు. మా గుంతలు తవ్వుతున్న కూలీలు చెట్టు కింద మూటలు విప్పుకుంటున్నారు. జొన్నరొట్టె, ఊరిమిండి పచ్చడి, ఉల్లిగడ్డలు. పోయి వాళ్ళ పక్కన కూచున్నాను. అందరూ గబుక్కున లేచారు. కూచోమని, నేనూ మీ మనిషినే అని చెప్పాను. మా అమ్మది చాగలమర్రి అని, తాత ఇంటి గుర్తులు కూడా చెప్పాను. వాళ్ళలో పెద్దావిడ ఒకామె నా బూట్లకేసి చూసింది, ముఖంకేసి చూసింది. నమ్మింది. ఆ నమ్మకం ముఖంలో కనిపించాక చేతిలోని రొట్టె తుంచి ఇస్తుందనుకున్నాను.

"మావోడే ఇంత సదువు సదివినాడంటే సంతోసమే నాయనా," అంది. "కానీ ఈడ కూచోవద్దు. నువ్వు నాల్గు దినాలుండి పోతావు. మేము ఈ సేన్లోనే బతకవల్ల. నువ్వు మాతో తింటాంటే, కూలోళ్ళను ఎగదోస్తాండాడంటాడు ఆయప్ప. ఆడికే పోయి తినిరా, మా నాయన గదా."

ఆమె బతిమాలుతూ చెప్పింది. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. లేచి జీపు దగ్గరికి పోయి, ప్రొఫెసరు తెచ్చుకున్న డబ్బాలోంచి బిస్కత్తులు తిన్నాను. అరుగు మీద చోటు లేదు, చెట్టు కిందా లేదు. 

ఆ సాయంత్రం బంగళాలో ప్రొఫెసరుకు అంతా వివరంగా చెప్పాను. అంతవరకు ఆయనకు తెలియదేమో అని నాకొక ఆశ. ఆయన చుట్ట ఆర్పి, తనకు మొదటి రోజే అర్థమైందన్నాడు. బాధగానే ఉందన్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "మనం వచ్చింది మట్టి కోసం. వాళ్ళ ఇంటి పద్ధతులు దిద్దడానికి కాదు. శుక్రవారం దాకా ఓర్చుకో." ఓర్చుకోవలసింది ఆయన కాదు కనక ఆ మాట ఆయనకు సులువుగానే వచ్చింది.

గురువారం నేను గుంతలో ఉన్నాను. ఆ గుంత నా ఎత్తుకు మించి లోతు. కత్తితో గోడను చదును చేస్తూ, జానెడు జానెడుకు మట్టి తీసి గుడ్డసంచుల్లో వేస్తున్నాను. అడుగున సున్నపు గడ్డలు తగులుతున్నాయి. ప్రొఫెసరు గట్టు మీద కూచుని రాసుకుంటున్నాడు. అన్నం వేళ దాటిపోయాక ఆసామి తనే చేనికి వచ్చి గుంతలోకి తొంగిచూశాడు. నేను తినడానికి రావడం లేదని అతనికి తెలిసింది. ఎందుకని అడిగాడు. కూరలో ఉప్పెక్కువైందా అని కూడా అడిగాడు, వేళాకోళంగా.

"అరుగు మీద పెడితే తింటాను," అన్నాను.

కూలీలు తవ్వడం ఆపేశారు.

"అరుగు నాదప్పా," అన్నాడు ఆసామి. గొంతు పెంచలేదు. "సేను గూడా నాదే. ఈ గుంతలు ఇప్పుడే పూడ్సమంటే పూడుస్తారు వీళ్ళు. ఆ మాట మీ దొరకు చెప్పు."

నేనే దుబాసీని. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ప్రొఫెసరు పుస్తకం మూసి లేచాడు. ఒక్క క్షణం నా పక్షాన మాట్లాడతాడనుకున్నాను. ఆయన నాతో అన్నది ఇది: ఈ పెద్దమనిషి చేసిన సాయానికి మనం ఎంతో రుణపడి ఉన్నామని చెప్పు, నా విద్యార్థి ఎండకు చిరాకులో ఉన్నాడు, అతని తరఫున నేను మన్నించమని అడుగుతున్నానని చెప్పు.

నా తరఫున, నా నోటితోనే.

"అది నేను చెప్పను సార్," అన్నాను.

ఆయన నన్ను తేరిపార చూశాడు. తర్వాత ఆసామి వైపు తిరిగి రెండు చేతులూ జోడించి తల వంచాడు. రైల్లో వచ్చేటప్పుడు ఆ దండం పెట్టడం ఆయనకు నేర్పింది నేనే. ఆసామికి దుబాసీ అక్కర్లేకపోయింది. తనూ చేతులు జోడించి, ప్రొఫెసరును భోజనానికి వెంటబెట్టుకుపోయాడు. వాళ్ళు కనుమరుగయ్యేదాకా కూలీలు నా వైపు చూడలేదు. నేను మళ్ళీ కత్తి తీసుకుని గోడ గీకాను. కత్తి లోతుగా దిగి గోడ చెడిపోయింది. మళ్ళీ మొదట్నుంచి చదును చేశాను.

శుక్రవారం మంచి శుక్రవారం, గుడ్ ఫ్రైడే. నంద్యాల గుడిలో నాయన నా కోసం చోటు ఉంచుతానన్నాడు. మేము ఆ పొద్దంతా గుంతలు పూడ్పించి, సంచులు జీపుకెక్కించాం. ప్రొఫెసరు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

శనివారం ఇంటికి చేరాను. నాయన మంచం మీద పక్కన కూచోబెట్టుకుని అన్నీ అడిగాడు. చెప్పాను. నాయనకు కోపం వస్తుందని, ఆ కోపం చూసి నా మనసు కొంచెం తేలికపడుతుందని అనుకున్నాను. ఆయన ముందుకు వంగి, "అరుగు ఎక్కనిచ్చినాడా నిన్ను? కుర్సీలో కూచోబెట్టినాడా?" అని అడిగాడు. ఆసామికి తెలియక కూచోబెట్టాడని, తెలిశాక లేపాడని మళ్ళీ చెప్పాను.

"అయినా గానీ కూచున్యావు గదా," అన్నాడు. "మీ జేజినాయన అట్లాంటి ఊర్ల వీధుల్లో చెప్పులు చేత బట్టుకుని పోయేటోడు. నువ్వు బూట్లతో పోయినావు."

"దానికి సంతోషపడమంటావా నాయనా?"

"నేను పడతాండా," అన్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. "దొరకు నీ మీద కోపం రాలేదు గదా? సదువు ఆపడు గదా?"

ఆపడన్నాను. అమ్మ కంచం తెచ్చి నా ముందు పెట్టి, సంగటి మీద నెయ్యి ఎక్కువ వేసింది.

ఆదివారం ఈస్టర్ ఆరాధనకు ప్రొఫెసరు వచ్చాడు. గుడిలో అందరం చాప మీద కూచున్నాం, ఆయనకు ఒక్కడికే కుర్చీ. పాస్టరు నాలుగు మాటలు చెప్పమని అడిగితే లేచి మాట్లాడాడు. తర్జుమాకు నన్ను పక్కన నిలబెట్టారు. ఈ ప్రాంతపు రైతుల మర్యాద, అతిథుల్ని ఆదరించే తీరు తాను ఇంకెక్కడా చూడలేదన్నాడు. ముందు వరసలో నల్లకోటులో నాయన. ఆయన ముఖం చూస్తూ ఒక్క మాట వదలకుండా తెలుగులో చెప్పాను. జనం తలలూపారు. ఎవరి అన్నం ఎక్కడ పడిందో ఆ గేరిలో తెలియనివాళ్ళు లేరు. అయినా ఊపారు.

అరవైలో నా డిగ్రీ పూర్తయింది. ప్రొఫెసరు న్యాయంగానే మార్కులు వేశాడు, ఆ విషయంలో ఆయన్ను అనడానికి లేదు. తన దగ్గరే ఉద్యోగం ఇస్తానన్నాడు. రెండేళ్ళకొకసారి అదే ఊరికి, అదే చేనికి పోయిరావాలి. చేయనన్నాను. ఇంతకన్నా మంచి అవకాశం నాకు రాదని, కారణం ఏమిటని అడిగాడు. అరుగు సంగతి చెప్పాను.

"అది నీకు ఇంకా గుర్తుందా?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆయన నటించే మనిషి కాదు.

దేశానికి తిరిగి వచ్చి కోస్తాలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుని బతికాను. నాయన చాలా ఏళ్ళు, దొర దగ్గర ఉద్యోగం ఎందుకు పోగొట్టుకున్నావని అడుగుతూనే ఉన్నాడు. ఆయనకు అర్థమయ్యేలా చెప్పడం నాకు చేతకాలేదు. తర్వాత తర్వాత ఆయన అడగడం మానేశాడు, నేను చెప్పడం మానేశాను.