పద్దెనిమిదో భాగానికి ఎత్తిన చేతులు

ఆగస్టు ఇరవై రెండు, శుక్రవారం, సాయంత్రం ఆరు గంటల ముప్పై రెండు నిమిషాలకు మొదలైంది. ఆరున్నరకే మొదలవ్వాలి, రెండు నిమిషాలు ప్రకటనలు తినేశాయి. నా ముందు గదిలో నాతో కలిపి పద్నాలుగు మందిమి ఉన్నాం. సోఫాలో నలుగురు, ప్లాస్టిక్ కుర్చీల్లో అయిదుగురు, చాప మీద ముగ్గురు, తలుపు పక్క స్టూలు మీద ఒకరు, పడక కుర్చీలో నేను.

వేరే లోకం నుంచి ఓడల్లో దిగిన జీవులు భూమిని ఆక్రమించుకునే సీరియల్ అది. ఎక్కడిదో తెచ్చి తెలుగు మాటలు తగిలించారు. ఏప్రిల్ ఇరవై అయిదున మొదటి భాగం వచ్చింది. అప్పటినుంచి మా అపార్ట్‌మెంటులో శుక్రవారం సాయంత్రం ఎవరింట్లోనూ వేరే పని లేదు. వరలక్ష్మీ వ్రతం రోజున కూడా తాంబూలాలు ఆరింటికల్లా ముగించుకుని వచ్చి కూర్చున్నారు. నా టీవీ అందరి టీవీల కన్నా పెద్దది, నేను ఒంటరిదాన్ని, ఇల్లు మొదటి అంతస్తులో ఉంది. అందుకని నా ఇల్లే సినిమా హాలయింది.

ఆ సీరియల్ నాకు నచ్చి చూడలేదు. తప్పులు పట్టుకోవడానికి చూశాను. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. మూడో భాగంలో తొమ్మిది ఓడలు దిగాయి. ఏడో భాగానికి పదకొండయ్యాయి. మిగతా రెండూ ఎప్పుడు దిగాయో చెప్పిన నాథుడు లేడు. ఇది గదిలో చెబితే ఒక్కరికే అర్థమైంది. తలుపు పక్క స్టూలు మీద కూర్చున్నావిడకి.

ఆవిడ మా ఎదురు సందులో రేకుల ఇంట్లో ఉండి జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్స్ వేస్తుంది. నలభై అయిదు దాటి ఉంటాయి. తొమ్మిదేళ్ళుగా నా జాకెట్లన్నీ ఆమె చేతివే. నా కుడి భుజం ఎడమ భుజం కన్నా వేలెడు కిందికి ఉంటుందని నా కన్నా ముందు కనిపెట్టిన మనిషి. ఆమె టీవీ బుడమేరు వరదలో పోయింది. ఏప్రిల్లో జాకెట్లు ఇవ్వడానికి వచ్చి, మొదటి భాగం నడుస్తుంటే గుమ్మంలో నిలబడిపోయింది. కూర్చోమ్మా అన్నాను. ఆ స్టూలు అప్పుడు వేసిందే. నేను ఓడలు లెక్కపెట్టేదాన్ని, ఆమె బట్టలు చూసేది. ‘టీచరుగారండీ, ఆ డాక్టరమ్మకి మొన్న చేతులు మోచేతి దాకా ఉన్నాయి, ఇయ్యాళ మణికట్టు దాకా వచ్చినియ్యి, మధ్యలో టైలరు కూడా బతికున్నాడన్నమాట’ అనేది మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా. పాత్రలు చచ్చిపోయినప్పుడు మాత్రం పెదవులు కదిలేవి. ప్రార్థన చేస్తోందని తెలిసి నేను అటు చూసేదాన్ని కాదు. పదిహేడు భాగాల్లో ఒక్కటే తప్పింది, చర్చిలో పెళ్ళి ఉండి. ఆ వారం సీరియల్లో ఏం జరిగిందో మర్నాడు ఆమెకు వరసగా చెప్పాను. నలభై నిమిషాలు పట్టింది. అంతసేపు ఒక మనిషితో మాట్లాడి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఏర్పడింది. ప్రతి భాగం అయ్యాక రెండో అంతస్తులో ఉండే కర్రీ పాయింటు ఆవిడ ఒక ప్రశ్న వేస్తుంది. అందరూ చేతులెత్తి జవాబు చెప్పాలి. ఏడు ఎన్నికల్లో పోలింగు డ్యూటీ చేసినదాన్ని కాబట్టి లెక్కపెట్టే పని నాది. ఫలితం గోడ మీద తెలుగు క్యాలెండరులో ఆ తేదీ గడిలో రాసేదాన్ని. లెక్కపెట్టేవాళ్ళు చెయ్యెత్తకూడదనే నియమం కూడా నేనే పెట్టాను.

ఆ పద్దెనిమిదో భాగంలో, ఆ జీవులు ఊరి మీద పడ్డాయి. జనం ధాన్యం గిడ్డంగి పై అంతస్తుకు చేరారు. పైన ఇనుప తలుపు. దాని గడియ ఆ డాక్టరమ్మ చేతిలో ఉంది. ఏటి ఒడ్డు గుడిసెల జనం ఆలస్యంగా పరుగెత్తుకొచ్చి తలుపు బాదుతున్నారు. నలభై మంది అని మాటల్లో అన్నారు, నేను లెక్కపెడితే నలభై ఒక్కరు వచ్చారు. డాక్టరమ్మ గడియ వేసేసింది. మిగతాది మెట్ల మీద జరిగింది. ఆకుపచ్చటి జిగురు, చీము లాంటిది, ఒక్కో మెట్టే దిగుతూ కారింది. అందులో ఒక చెయ్యి కదులుతోంది. మూడు నిమిషాల సేపు చూపించారు.

నా గదిలో మాత్రం ఎవరి నోరూ ఆగలేదు. కర్రీ పాయింటు ఆవిడ తెచ్చిన మిరపకాయ బజ్జీలు నలభై రెండు. ఆ మూడు నిమిషాల్లో పదిహేడు అయిపోయాయి. అసోసియేషన్ ప్రెసిడెంటుగారు, మూడో అంతస్తాయన, బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఆయన కళ్ళు తెర మీద పెట్టి, చేత్తో పళ్ళెం తడుముకుని, వేళ్ళకంటిన నూనె నాకుతూ, ‘ఎంత బాగా తీశాడండీ’ అన్నారు. ఆ జిగురు గురించి.

భాగం ఏడున్నరకు అయింది. కర్రీ పాయింటు ఆవిడ చెయ్యి తుడుచుకుని ప్రశ్న వేసింది. డాక్టరమ్మ తలుపు వేయడం సరైనదేనా?

పదకొండు చేతులు లేచాయి. లేపమని అడిగేలోపే లేచాయి. చప్పట్లు కూడా కొట్టారు. చాప మీద ఒకావిడ నిద్రపోతోంది, లెక్కలోకి రాదు. నేను లెక్కపెడుతున్నాను, రాను. స్టూలు మీద చేతులు ఒళ్ళో ఉన్నాయి.

తర్వాత మాటలు మొదలయ్యాయి. అందరినీ రానిస్తే ఉన్న నీళ్ళు ఎన్నాళ్ళొస్తాయి అని ఒకరు. బాత్రూములు ఏం కావాలి అని ఒకరు. ముందు ప్రాణాలు, తర్వాత జాలి అని మరొకరు. మంచి మనసున్న వాళ్ళే, ఒకరికి జ్వరమొస్తే జావ కాచి పంపేవాళ్ళే. ఆ మాటలన్నీ నేను అంతకుముందు విన్నవే. అదే వరసలో, అవే గొంతుల్లో. బాత్రూముల మాట అన్నది అప్పుడూ ఆవిడే.

ఇక్కడ వరద సంగతి చెప్పాలి. క్రితం ఏడు సెప్టెంబరు ఒకటి, ఆదివారం. తెల్లారేసరికి సెల్లారు మునిగింది. వాచ్‌మన్ హనుమాన్ జంక్షన్ దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళి ఉన్నాడు. అతను లేనప్పుడు గేటు తాళంచెవి నా దగ్గర ఉండటం మా పద్ధతి. ఎనిమిదీ నలభై అయిదుకు మూడో అంతస్తు వరండాలో అందరం చేరాం. ఇరవై ఫ్లాట్లలో మూడు తాళాలు వేసి ఉన్నాయి. సందులో వాళ్ళు వస్తే గేటు తెరవాలా వద్దా అని ప్రెసిడెంటుగారు అడిగారు. ఇంటికో చెయ్యి. నేను లెక్కపెట్టాను. తొమ్మిదీ పదికి వాళ్ళు రానే వచ్చారు, తొమ్మిది మంది, నడుం లోతు నీళ్ళలో. ముందు మా టైలరమ్మ, పాలిథిన్ సంచిలో చుట్టిన కుట్టు మిషను తలను చంకనెత్తుకుని. మనుషులను వద్దంటే పోనీండి, మిషనన్నా పైన పెట్టండి అని అడిగింది. నేను మొదటి అంతస్తు బాల్కనీలోంచి, తాళంచెవి కనపడటం లేదమ్మా, వెతుకుతున్నాం అన్నాను. తాళంచెవి నా కొంగు ముడిలో ఉంది.

తొమ్మిదీ నలభై అయిదుకు వాళ్ళు మెయిన్ రోడ్డు మీది స్కూలు వైపు నడిచారు. అందరూ చేరారు, ఎవరికీ ఏం కాలేదు. మిషను మాత్రం గేటు దిమ్మె మీద పెట్టి వెళ్ళింది. సాయంత్రం నాలుగింటికి చూస్తే దిమ్మె కూడా కనపడలేదు. నీళ్ళు తీశాక ఆమె వచ్చి, తాళంచెవి దొరికిందా అండీ అని అడిగింది. దొరికిందమ్మా అన్నాను. పాపం మీరెంత కంగారు పడ్డారో అంది.

ఈ సంగతి అపార్ట్‌మెంటులో ఎవరూ మాట్లాడేవారు కాదు. మాట్లాడకూడదని ఎవరూ చెప్పలేదు కూడా. ఆ శుక్రవారం మాత్రం ప్రెసిడెంటుగారికి ఉత్సాహం ఆగలేదు. ఆఖరి బజ్జీ పట్టుకుని, డాక్టరమ్మను మెచ్చుకుంటూ ఇలా అన్నారు:

“మన గేటు సంగతి మాత్రం ఏంటండీ? పద్ధతిగా వోటింగు పెట్టుకున్నాం. పదమూడు, మూడు. టీచరుగారు తాళంచెవి కొంగున ముడేసుకుని బాల్కనీలో నిలబడ్డారు చూడండీ, ఈ డాక్టరమ్మ ఏం సరిపోద్ది ఆవిడ ముందు.”

కొందరు నవ్వారు. కర్రీ పాయింటు ఆవిడ నవ్వబోయి తలుపు వైపు చూసి ఆగిపోయింది. ఆమె ప్రెసిడెంటుగారి మోచెయ్యి మీద చెయ్యి వేసేసరికి ఆలస్యమైంది.

టైలరమ్మ లేవలేదు. గొంతు కూడా పెంచలేదు.

“తాళంచెవి పోయిందన్నారు కదండీ.”

ఇంకొకరెవరో, అప్పటి కంగారులో ఎక్కడ పెట్టారో ఏమో, పెద్దావిడ కదమ్మా అన్నారు. ఆ మాటే నాకు అన్నిటికన్నా రోత పుట్టించింది. నాకు వస్తువులు ఎక్కడ పెట్టానో మరిచిపోయే అలవాటు లేదు. అది టైలరమ్మకూ తెలుసు. సూది కింద పడితే ఎన్నో టైలు మీద పడిందో చెప్పగలను.

“మీరు అన్నీ రాసిపెడతారు కదండీ. అదీ రాశారా?” అంది.

పాత క్యాలెండర్లు బీరువా మీద చుట్టచుట్టి ఉంటాయి. లేచి తీశాను. తీయకుండా ఉండవచ్చు. పదమూడు మంది ముందు, లేదు, రాయలేదు అని ఇంకో అబద్ధం ఆడటానికి నోరు రాలేదు. సెప్టెంబరు కాగితం విప్పి ఆమె చేతికిచ్చాను. ఒకటో తేదీ గడిలో, తిథి కింద, నా చేతిరాత. గేటు: ఇళ్ళు 17. వద్దు 13, తెరవాలి 3. బయట 9 మంది. 9.10 నుంచి 9.45.

ఆమె వేలు పెట్టి చదివింది. కూడింది.

“పదహారేనండీ. ఇళ్ళు పదిహేడు కదా ఉన్నది ఆ పూట.”

“నేను లెక్కపెట్టానమ్మా. లెక్కపెట్టేవాళ్ళు చెయ్యెత్తరు.”

ఆమె ఆ కాగితాన్ని మళ్ళీ మడత పడకుండా చుట్ట చుట్టింది. బట్ట చుట్టినట్టు, అంచులు కలిపి.

“వద్దన్నారని చెప్తే అప్పుడే పోయేదాన్నండీ. నడుం లోతేగా, మిషను ఎత్తుకునే పోయేదాన్ని. దొరుకుద్దేమో, వెతుకుతున్నారు కదా అని నిలబడ్డా. నిలబడేసరికి గుండెల దాకా వచ్చినియ్యి.”

క్యాలెండరు నా చేతికిచ్చి, వస్తానండీ అని చెప్పి వెళ్ళింది. చెప్పులు వేసుకోవడానికి మామూలుగా పట్టేంత సేపే పట్టింది.

ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగాక ప్రెసిడెంటుగారు, తనకేం తెలుసండీ ఆవిడ ఉందని, అన్నారు. నాలుగు నెలలుగా ఆయన ప్రతి శుక్రవారం ఆ స్టూలు దాటుకుని లోపలికి వచ్చారు. ఒకరు, ఇవన్నీ క్యాలెండరులో ఎందుకండీ రాయడం అని నన్ను తప్పుపట్టారు. ఎనిమిదింటికల్లా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మాటలు మొదలయ్యాయి. మర్నాటి పొద్దుటికి యాభై మూడు. ఓడల గురించి ఇరవై, డాక్టరమ్మకు చప్పట్ల బొమ్మలు ఇరవై ఎనిమిది, బజ్జీలు బాగున్నాయని అయిదు. ఇంకో విషయం మీద ఒక్కటీ లేదు. నేను కూడా పెట్టలేదు.

వాళ్ళందరి మీదా నాకు అసహ్యం వేసిన మాట నిజం. కానీ వాళ్ళు చెయ్యెత్తి చెప్పారు, నేను దాచుకున్నాను. ఆ పదమూడుకు నేనొకదాన్ని కలిసినా, ముగ్గురిలో నాలుగోదాన్నయినా, బాల్కనీలోంచి ఆమెకు ఒక జవాబు దొరికేది. నేను ముప్పై అయిదు నిమిషాలు ఆమెను నీళ్ళలో నిలబెట్టింది గేటుతో కాదు.

ఆదివారం పన్నెండింటికి, చర్చి వదిలాక, వాళ్ళింటికి వెళ్ళాను. కుర్చీ వేసింది. టీ ఇచ్చింది. కొత్త మిషను కిటికీ దగ్గర ఉంది. దాని మీద ఎవరిదో పచ్చ జాకెట్టు. ఆ రోజు తాళంచెవి నా దగ్గరే ఉందమ్మా అని నా నోటితో చెప్పాను. తెలుసండీ అంది. తొమ్మిదేళ్ళలో ఆమె నాతో మాట్లాడినప్పుడు రెండో మాటా మూడో మాటా తప్పకుండా ఉండేవి. ఆ రోజు ఒక్కదానితో ఆగింది. నేను ఇచ్చిన మంగళగిరి చీర, రెండు జాకెట్టు ముక్కలు సంచిలో పెట్టి సిద్ధంగా ఉంచింది. పని ఎక్కువగా ఉందండీ, వేరే ఎవరికన్నా ఇచ్చుకోండి అంది. ఇంటికొచ్చి సంచి విప్పాను. చీరకు ఫాల్ సగం దాకా వేసి ఉంది. ఆ సగం కుట్టు విప్పలేదు. పూర్తి చేయలేదు.

పంతొమ్మిదో భాగం ప్రెసిడెంటుగారి ఇంట్లో చూశారు. నన్ను పిలిచారు, వెళ్ళలేదు.

పోయినవి రాసి పెడుతున్నాను. కుట్టు మిషను తల ఒకటి, గేటు దిమ్మె మీద. వాళ్ళింట్లో టీవీ ఒకటి, పరులవి కుట్టి ఉంచిన జాకెట్లు ఆరు. అవి వరద లెక్క, నా లెక్కలో వేయను. మిషను వేస్తాను. నా ఇంట శుక్రవారాలు, పద్దెనిమిదో భాగం తర్వాతవి అన్నీ. నా కుడి భుజం కొలత తెలిసిన మనిషి ఒకరు.